ఒక్క గడిలో ఇమడని పేర్లు

పాత పేర్లు మళ్లీ వస్తాయా అన్న వాదన ఇంకోసారి రాజుకుంది. జానకి, మైథిలి, రుద్ర, వేద అని పెడుతున్నారుగా, వచ్చేసినట్టే అని కొందరు. మరి కోటయ్య ఏడి, యాదమ్మ ఏది, అప్పలస్వామి ఎక్కడ అని మరికొందరు. నింద మాత్రం ఇద్దరి నుంచీ నేటి తల్లిదండ్రుల మీదికే వస్తోంది. పెద్దల పేర్లంటే నామోషీ పడి, ఇంటర్నెట్‌లో వెతికి అర్థం తెలియని పేర్లు తెచ్చి పెడుతున్నారని.

అయ్యలు రావులవడం, రావులు కుమార్లూ బాబులూ అవడం, సినిమాల నుంచి, అనువాద నవలల నుంచి పేర్లు దిగడం అందరికీ తెలిసిన కథే. ఆ మార్పులన్నీ పేరు తోకకు జరిగినవి. వెంకటయ్య పోయి వెంకటరావు వచ్చాడు, తర్వాత వెంకటేశ్వర్లు, ఆ తర్వాత వెంకటేష్. వెంకన్న మాత్రం కదల్లేదు. పేరు మొదలంటా తెగింది ఆ తర్వాతే. ఒక బిడ్డకు మూడు నాలుగు పేర్లుండే పద్ధతి పోయి ఒక్కటే మిగిలినప్పుడు తెగింది.

నామకరణం నాడు పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో రాసే పేర్లు ఎప్పుడూ ఒకటి కాదు. మాస నామం, నక్షత్ర నామం, వ్యావహారిక నామం వేర్వేరు. ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే ఆపస్తంబ గృహ్యసూత్రమైతే నక్షత్ర నామం రహస్యంగా ఉండాలంటుంది. ఆ తంతు లేని ఇళ్లలోనూ తాత పేరు ఒకటి, మొక్కు పేరు ఒకటి, పిలుపు పేరు ఒకటి ఉండేవి. కోడలు మామగారి పేరు నోట పలకకూడదు. కొడుక్కి ఆయన పేరే పెట్టినా ఆమె 'తాతబ్బాయి' అనో 'అబ్బాయి' అనో పిలిచేది. అత్తగారి పేరున్న పిల్ల 'అమ్మాజీ' అయ్యేది, 'అమ్మడు' అయ్యేది. వెంకట సుబ్బమ్మ అన్న పేరును ఇంట్లో రోజూ కేకేసి పిలవాలని ఎవరూ అనుకోలేదు. వంశంలో ఆ పేరు ఉంటే చాలనుకున్నారు. పిలవడానికి బుజ్జి ఉండనే ఉంది.

కాగితం దగ్గరా అంతే వెసులుబాటు ఉండేది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లో చెప్పాలి. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. నమోదైన ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేరుస్తారు. అయితే చాలాకాలం ఆ కాగితాన్ని అడిగినవారే తక్కువ. బడిలో చేర్చేనాడు అయ్యవారు రిజిస్టరులో ఏది రాస్తే అది పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పడితే అది ఖాయం. ఇంట్లో పుల్లయ్య బడిలో ప్రసాద్ అవడానికి ఇబ్బంది లేదు. రెండూ బతికేవి.

2023 సవరణ ఆ తలుపు మూసింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, ఆధార్‌కూ, ఓటరు జాబితాకూ, డ్రైవింగ్ లైసెన్సుకూ, పెళ్లి నమోదుకూ, ప్రభుత్వ ఉద్యోగానికీ పుట్టిన తేదీ, స్థలం రుజువు బర్త్ సర్టిఫికెటే. పాస్‌పోర్టుకూ అంతే. ఆ పిల్లలు ఇప్పుడు నర్సరీ వయసుకు వస్తున్నారు. వాదన ఇప్పుడే వేడెక్కడం కాకతాళీయం కాదు. పేరు పెట్టడం వాయిదా వేసిన ఇళ్లలో ఇక వాయిదాకు చోటు లేదు.

కానీ తల్లిదండ్రులు చిన్న పేర్లకు ఎందుకు మళ్లారో తెలియాలంటే ఇంకా వెనక్కి, వాళ్లే పిల్లలుగా ఉన్న రోజులకు వెళ్లాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పిల్లలు 1992-93లో 2.6. 2005-06 నాటికి 1.8. అయిదారుగురు పిల్లలున్న ఇంట్లో పెద్దవాడికి నాన్న తరఫు తాత, రెండోవాడికి అమ్మ తరఫు తాత, మూడో బిడ్డకు మొక్కుకున్న దేవుడు, కడపటి బిడ్డకు నచ్చిన పేరు. అందరికీ వంతు వచ్చేది. ఇద్దరే అయ్యేసరికి తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, కులదైవం, మొక్కు, జాతకం అన్నీ ఆ ఇద్దరి మీదే పడ్డాయి. ఎవరినీ నొప్పించలేక పేర్లన్నీ కలిపి గుదిగుచ్చారు. వెంకట సాయి లక్ష్మీ నరసింహ హర్షవర్ధన్ తరహా పేర్లు అలా పుట్టినవే. పాత పేర్లను కాపాడాలని చేసిన ఆ ప్రయత్నమే వాటి కొంప ముంచింది.

ఆ తరమే పెద్దదై పాస్‌పోర్టుల వరుసలో నిలబడింది. మన ఇంటిపేరు ముందు, అదీ ఒక పొడి అక్షరంగా. అక్కడ ఇంటిపేరుకు ఒక కాలమ్, మిగతా పేరుకు ఒక కాలమ్. ఇంటిపేరు కాలమ్ ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో అసలు పేరంతా ఇంటిపేరు స్థానానికి పోయి, పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఒక్క మాటే పేరుగా పాస్‌పోర్టు ఉన్నవారిని సందర్శక వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పింది. విడదీసి రాస్తే మొదటి మాటే మనిషి పేరవుతుంది కనుక, హర్షవర్ధన్ విదేశంలో వెంకట అయ్యాడు. పక్క సీటువాడూ వెంకటే. ఒక సర్టిఫికెట్‌లో లక్ష్మికి 'కె, ఎస్, హెచ్', ఇంకోదాంట్లో 'ఎక్స్'. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు, పత్రికా ప్రకటనలు, గెజిట్. ఇన్ని తిప్పలు పడ్డవాళ్లు తమ బిడ్డకు మూడక్షరాల పేరు చాలనుకుంటే దాన్ని నామోషీ అనడం అన్యాయం.

పైగా రెండక్షరాల పేరు కొత్తదేమీ కాదు. మగపిల్లవాడికి రెండక్షరాలో నాలుగక్షరాలో, ఆడపిల్లకు బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలని గృహ్యసూత్రాలే చెప్పాయి.

పెద్దల పేరును ఆ ఒక్క గడి నుంచి నెట్టేసింది మరొకటి ఉంది. దాని మీద ఎవరూ నింద వేయరు. అది జన్మాక్షరం, పుట్టిన నక్షత్ర పాదాన్ని బట్టి వచ్చే అక్షరం. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. పంచాంగం ప్రకారం 'వే' మృగశిర మొదటి పాదానిది, 'సు' శతభిషం నాలుగో పాదానిది. ఈ అక్షరంతోనే పిలుపు పేరు మొదలవ్వాలని పట్టుబడితే వెంకయ్య పేరు 108లో ఒక వంతు పిల్లలకే దక్కుతుంది. సుబ్బయ్యకూ అంతే. ఆర్ద్ర మూడో పాదానికి 'ఙ', హస్తలో 'ణ', 'ఠ' వస్తాయి. వాటితో పేరే కుదరదు. రహస్యంగా ఉండాల్సిన పేరు సర్టిఫికెట్‌లోకి ఎక్కి, బయటికి తెలియాల్సిన తాత పేరు రహస్యమైపోయింది. ఇంటర్నెట్‌లో పేర్ల వేట మొదలైందీ ఇక్కడే. ఇచ్చిన అక్షరంతో ఇంట్లో పేరు లేదు మరి.

ఇందులో పోయినదేమిటో చూస్తే గుండె బరువెక్కుతుంది. పేరు వింటే ఊరు తెలిసేది. అప్పలనరసింహ, అప్పలస్వామి అంటే సింహాచలం చుట్టుపక్కల. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి, నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ, లోవరాజు అంటే తుని దగ్గరి తలుపులమ్మ లోవ. కోటేశ్వరరావు, కోటయ్య కోటప్పకొండకు చెందినవారు. తిరుపతమ్మ అనగానే తిరుపతి అనుకుంటాం, కృష్ణా తీరంలోనైతే ఆమె పెనుగంచిప్రోలు అమ్మవారు. ఓబులేసు అహోబిలం, మద్దిలేటి నంద్యాల సీమ. యాదగిరి, యాదమ్మ యాదగిరిగుట్ట. రాజేశం వేములవాడ, కొమురయ్య కొమురవెల్లి, సమ్మయ్య, సారయ్య మేడారం. దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో మస్తానయ్య, దస్తగిరి. ఈ పటం మొత్తం రెండు తరాల్లో చెరిగిపోతోంది. ఇప్పుడు 'తిరిగొస్తున్న' జానకి, రుద్ర పురాణాల పేర్లు. అవి ఎక్కడైనా ఎవరైనా పెట్టుకోగలిగినవి. వాటిని చూపించి పాత పేర్లు వచ్చేశాయంటే సమ్మక్కకూ నూకాలమ్మకూ లెక్క లేనట్టే.

అన్నీ తిరిగి రావాలనీ అనలేం. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో ఎంగిలి విస్తరాకుల మీద పడుకోబెట్టి పుల్లయ్య అనీ, పెంటకుప్ప మీద ఉంచి పెంటయ్య అనీ పెట్టేవారు, మృత్యువు కన్ను పడకూడదని. ఆ భయం పోయింది, పేరూ పోయింది. కొన్ని కులాల వాళ్ల పేర్లను 'అయ్య' తీసేసి 'గాడు' తగిలించి పిలిచిన చరిత్రా ఉంది. ఆ ఇళ్లవాళ్లు తాత పేరు వదిలి రాజేష్ అనో సందీప్ అనో పెట్టుకున్నది గౌరవం కోసం.

ఇప్పుడు పాత పేరు నిలబెట్టాలనుకునేవారికి దారి సన్నగా ఉన్నా ఉంది. పిలుపు పేరు ముందు, పెద్దల పేరు తర్వాత, మొత్తం రెండు మాటలే. ఇంటిపేరు పొడి అక్షరంగా వద్దు, తల్లిదండ్రుల పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతో పూర్తిగా రాయించాలి. జంట పేరైతే కలిపి రాయాలో విడదీయాలో ముందే తేల్చుకోవాలి. 'వెంకటలక్ష్మి' ఒక మాట, 'వెంకట లక్ష్మి' రెండు మాటలు. రెండోదాంట్లో లక్ష్మి మధ్య పేరుగా మారి ఎక్కడో ఓ చోట రాలిపోతుంది. తెలుగులో, ఇంగ్లిష్‌లో రెండుచోట్లా అక్షరాలు సరిచూసుకున్నాకే సంతకం చేయాలి. సర్టిఫికెట్‌లో దిద్దుబాటు తప్పు పడితేనే, మనసు మారితే కాదు. ఆధార్‌లో పేరు సవరణ జీవితంలో రెండుసార్లే.

ఎక్కువ పేర్లు పాడయ్యేది ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యే రోజు హడావిడిలో. బారసాల కాకముందే ఫారంలో ఏదో ఒకటి రాసేస్తారు. 21 రోజుల గడువు పుట్టుకను నమోదు చేయడానికే, పేరుకు కాదు. రెండు వైపుల పెద్దలూ ఒక మాటకు రాకపోతే పేరు గడిని ఖాళీగా వదిలి నమోదు చేయించి, ఏడాదిలోపు ఎప్పుడైనా నింపవచ్చు.