దూరం ఎక్కువ, టైం తక్కువ: ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో

భూమి తిరుగుతూనే ఉంది కదా, విమానం పైకి లేచి ఊరికే గాల్లో ఆగితే అమెరికాయే కిందికి వచ్చేస్తుందిగా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. రాదండీ. భూమితో పాటు గాలీ తిరుగుతోంది, విమానం ఉన్నది ఆ గాల్లోనే. కానీ ఈ ప్రశ్నని నవ్వి వదిలేయకూడదు. భూమి తిరగడం వల్ల ప్రయాణం టైం మారే మాట నిజం, కాకపోతే దొడ్డిదారిన.

2016 అక్టోబర్ 16 నాటి ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం చూడండి. గ్లోబు మీద దారం లాగి కొలిస్తే ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం దాదాపు 12,380 కి.మీ. అంతకుముందు పడమరకి, అట్లాంటిక్ మీదుగా పోయే దారి సుమారు 13,900. ఆ రోజు పసిఫిక్ మీదుగా ఏకంగా 15,300 కి.మీ. తిరిగి వెళ్లింది, అయినా పద్నాలుగున్నర గంటల్లోనే, అంటే పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ముందే దిగింది. భాగించి చూడండి, గంటకి 1,055 కి.మీ. బోయింగ్ 777 గాల్లో పోయే వేగం 900 దగ్గర. మిగతా 150 గాలి ఇచ్చింది. (అది ఆదివారం. పంచాంగం ప్రకారం పడమరకి వారశూల. విమానం తూర్పుకి పోయింది కాబట్టి ఆ గొడవా లేదు!)

ఆ గాలి ఎక్కడిది? భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి 1,670 కి.మీ. వేగంతో తూర్పుకి కదులుతుంది, 30 డిగ్రీల అక్షాంశం దగ్గర 1,450 మాత్రమే. వేడెక్కి పైకి లేచిన గాలి ఉత్తరానికి జరిగేటప్పుడు తన కోణీయ ద్రవ్యవేగాన్ని, అంటే భూమితో పాటు తిరిగిన ఊపుని, వెంటేసుకుని పోతుంది కాబట్టి కింది నేల కన్నా ముందుకి దూసుకెళ్తుంది. ఇదే 9–12 కి.మీ. ఎత్తున జెట్ స్ట్రీమ్, చలికాలం జపాన్ మీద దీని వేగం గంటకి 300 కి.మీ. కూడా దాటుతుంది. 1920ల్లోనే దీన్ని కొలిచిన జపాన్ శాస్త్రవేత్త ఓయిషి, నలుగురూ చదవాలని రిపోర్టు ఎస్పరాంటోలో (అన్ని దేశాలవాళ్లూ వాడుకోవాలని తయారుచేసిన భాష) రాశాడు, దాంతో పెద్దగా ఎవరూ చదవలేదు.

పోయేటప్పుడు కలిసొచ్చిన గాలి వచ్చేటప్పుడు ఎదురొస్తుంది, చెల్లుకి చెల్లు అనుకుంటారు. కాదు. బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో బట్టీ పట్టించే పడవ–ప్రవాహం లెక్కే ఇది, ఎందుకో ఎవరూ విమానం పేరెత్తరు. 12,000 కి.మీ. దూరం, విమానం 900, గాలి 150 అనుకోండి. గాలివాటున 11.4 గంటలు, ఎదురుగాలిలో 16, మొత్తం 27.4. గాలే లేకపోతే 26.7. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ.

అందుకే 2016లో ఆ విమానం తిరుగు ప్రయాణంలోనూ తూర్పుకే, అట్లాంటిక్ మీదుగా ఢిల్లీ వచ్చేది. వెళ్లి రావడం అంటే భూప్రదక్షిణే అన్నమాట.