లేబుల్‌లో రైతు కోడ్ పెట్టకండి సామీ: మానిటరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగో ఫోన్. "అన్నా, యాప్ అదే, వాడేవాళ్లూ అంతే మంది. యాప్ ఎట్లా నడుస్తోందో కనిపెట్టే మానిటరింగ్ టూల్ బిల్లు మాత్రం సర్వర్ బిల్లును దాటిపోయింది. ఎవురన్నా మన అకౌంట్ హ్యాక్ చేసినారంటావా?" ఎవరూ హ్యాక్ చేయలేదు. నాలుగుసార్లూ కారణం ఒకటే. అయిదో ఫోన్ వస్తే ఇదే పంపిద్దామని రాస్తున్నా.

అపోహ: మెట్రిక్‌కు (యాప్ గురించి కొలిచే అంకెకు) ఎన్ని లేబుళ్లు (ఆ అంకె దేనిదో చెప్పే చీటీలు) తగిలిస్తే అంత వివరం, అంత మంచిది.

వాస్తవం: లేబుల్‌కు వచ్చే ప్రతి కొత్త విలువా ఒక కొత్త సిరీస్, అంటే విడిగా దాచాల్సిన ఇంకో అంకెల వరుస. చిత్తూరు దగ్గర ఒక పాల సేకరణ యాప్ సంగతి చెబుతా. 40 కేంద్రాలు, దాదాపు 5,000 మంది రైతులు. పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) ఎక్కించగానే స్లిప్పు వస్తుంది. స్లిప్పు రావడానికి ఎంతసేపు పడుతోందో చూద్దామని అక్కడి కుర్రాడు ఒక హిస్టోగ్రామ్ (ఎంత సమయంలోపు ఎన్ని వచ్చాయో బకెట్లుగా లెక్కపెట్టే మెట్రిక్) పెట్టాడు. లేబుల్ కేంద్రం పేరు. అంతవరకు బాగానే ఉంది. ఒకరోజు ఓ రైతు నా స్లిప్పు ఆలస్యంగా వస్తోందని గొడవకు దిగాడు. దాంతో మనవాడు రైతు కోడ్‌ను కూడా లేబుల్‌గా చేర్చాడు. ఒక్క లైను మార్పు.

లెక్క చూడండి. వాళ్లు వాడేది ప్రోమీథియస్, మెట్రిక్స్ పోగుచేసే టూల్. దాని గో భాష లైబ్రరీ డిఫాల్ట్ హిస్టోగ్రామ్‌లో 11 బకెట్లు, ఇన్ఫినిటీది ఇంకొకటి, సమ్, కౌంట్ కలిపి 14 సిరీస్‌లు. 40 కేంద్రాలకు 560. రైతు కోడ్ చేరాక 5,000 ఇంటూ 14, అంటే 70,000. యాప్ రెండు కాపీలు నడుస్తోంది. ఏ రైతు రిక్వెస్ట్ ఏ కాపీకి పోతుందో తెలియదు కాబట్టి 1,40,000 దాకా వెళ్లొచ్చు. ఒక్క లీటరు పాలు పెరగలేదు. బయటి టూల్స్ చాలావాటిలో మెట్రిక్స్‌కు బిల్లు యాక్టివ్ సిరీస్‌ల లెక్కన, లాగ్స్‌కు (యాప్ ఏం చేసిందో లైను లైనుగా రాసుకునే చిట్టాకు) జీబీల లెక్కన పడుతుంది.

నేను తిరుపతి నుంచి బస్సులో పోయేసరికి కుర్రాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్. పక్కన కూర్చుని ప్రోమీథియస్ స్టేటస్ మెనూలో టీఎస్‌డీబీ (సిరీస్‌లను దాచే డేటాబేస్) పేజీ తెరిచాను. ఏ లేబుల్‌కు ఎన్ని విలువలున్నాయో టాప్ 10 అక్కడే కనబడతాయి. అన్నిటికన్నా పైన రైతు కోడ్, పక్కన 4,900 చిల్లర. దాని కింద కేంద్రం, 40. "ఇంతేనా అన్నా?" అన్నాడు. ఇంతే.

ప్రోమీథియస్ కాన్ఫిగ్‌లో లేబుల్‌డ్రాప్ (లేబుల్‌ను తీసేసే నియమం) వేస్తే సరిపోతుందని వాట్సాప్ గ్రూపులో ఎవరో సలహా ఇచ్చారట. ఈ గ్రూపు వైద్యంతోనే నాకు ఒళ్లు మండేది. ఉన్న లేబుల్‌ను దారిలో తీసేస్తే రైతులందరి సిరీస్‌లూ ఒకే పేరుతో వచ్చి గుద్దుకుంటాయి, ఆ తర్వాత ఏ అంకెనూ నమ్మలేం. తీయాల్సింది కోడ్‌లో. మరి ఆ రైతు గొడవ? దానికి లాగ్ ఉంది. రైతు కోడ్, కేంద్రం, పట్టిన సమయం ఒక లైనులో రాస్తే కావాల్సినప్పుడు వెతుక్కోవచ్చు. మెట్రిక్ అంటే కేంద్రం బోర్డు మీద రాసే మొత్తం లీటర్లు, లాగ్ అంటే రైతు చేతిలోని స్లిప్పు. లేబుల్ పెట్టేముందు దీనికి ఎన్ని విలువలు రావచ్చో అడగండి. ఠక్కున చెప్పగలిగి, అది చిన్న అంకె అయితే పెట్టండి. ఫోన్ నంబరు, ఆర్డర్ నంబరు, ఐడీలతో నిండిన యూఆర్‌ఎల్ అయితే వద్దు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా.

మెట్రిక్స్ పెడితే యాప్ స్లో అవుతుందంటారు. ప్రోమీథియస్ పద్ధతిలో యాప్ మెమరీలో అంకె పెంచుకుని ఊరుకుంటుంది, ప్రోమీథియసే వచ్చి చదువుకుపోతుంది. స్లో అయ్యేది ప్రతి లాగ్ లైనుకూ రిక్వెస్ట్ మధ్యలో బయటి సర్వర్‌ను పిలిచి జవాబు కోసం కాచుకునే కోడ్. కొత్తలో నేనూ అలాంటిది రాసి తిట్లు తిన్నా.

బయటి టూల్‌కు పంపుతున్నాం, ఇక లాగ్స్ భద్రం అనుకోకండి. లాగ్స్, మెట్రిక్స్ పోగుచేసి అవతలికి చేరవేసే ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్ అనే ప్రోగ్రామ్ మామూలుగా మెమరీలోనే క్యూ పెట్టుకుంటుంది. అవతలివైపు అందకపోతే 5 నిమిషాలు మళ్లీ మళ్లీ ప్రయత్నించి వదిలేస్తుంది. సర్వర్ ఆఫీసులోనే పెట్టుకున్న ఒక క్లయింట్‌కు జేసీబీ ఫైబర్ తెంపింది, ఆ మధ్యాహ్నం లాగ్స్ అంతే సంగతులు. క్యూను డిస్కు మీద పెట్టుకునే వీలుంది, పెట్టుకోండి. అదే రోజు ఫోన్‌లో "కలెక్టర్ పడిపోయింది" అంటుంటే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఏ జిల్లా కలెక్టరమ్మ నాయనా, దెబ్బలేమన్నా తగిలినాయా?" అంది.

టూల్‌లో అన్నీ ఎప్పటికీ ఉంటాయనుకోవడం ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు ఉంచాలి. మీ ప్లాన్ 30 రోజులే దాస్తుంటే మిగతావి ఎక్కడున్నాయో చూసుకోండి.

డ్యాష్‌బోర్డు ఉంది కదా అనేవాళ్లకు ఒకటే ప్రశ్న. రాత్రి రెండింటికి దాన్ని చూసేదెవరు? అలర్ట్ పెట్టండి. డేటా రావడం ఆగిపోయినా మోగేలా ఇంకొకటి పెట్టండి.

కస్టమర్ల వివరాలు బయటికి పోతాయేమోనని భయపడేవాళ్లను మాత్రం నేను ఏమీ అనను. ఆ భయం న్యాయమైనదే. టూల్ మన డేటాబేస్‌లోకి దూరి ఏదీ ఎత్తుకుపోదు, మనం రాసిందే పోతుంది. డీబగ్ కోసమని రిక్వెస్ట్ బాడీ మొత్తం లాగ్‌లో పడేస్తే ఓటీపీ, బ్యాంకు ఖాతా నంబరు కూడా దాంతోపాటే పోతాయి. కలెక్టర్‌లో మాస్క్ చేయొచ్చు (అంకెలు కనబడకుండా కప్పేయొచ్చు), అసలు రాయకపోవడం ఇంకా సులువు. ముందు నిన్నటి లాగ్స్‌లో మీ ఫోన్ నంబరే కొట్టి వెతకండి. చిత్తూరు కుర్రాడు టెస్టింగ్‌కు తన నంబరే వాడేవాడు, నా ఎదురుగానే వెతికాడు. మూడు లైన్లు దొరికాయి, ఒకదాంట్లో ఖాతా నంబరు కూడా. సాయంత్రం నేను బస్సెక్కేలోపు ఆ మూడింటినీ రాసే కోడ్ తీయించాను.