బ్యారక్ తలుపుకు ఇటూ అటూ: జైలు వాతావరణంపై అపోహలు - వాస్తవాలు

జైళ్లలో ఖైదీలకూ సిబ్బందికీ కౌన్సెలింగ్ చేయడం నా వృత్తి. బయటివాళ్లు ఎక్కువగా అనే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: జైలు ఎలా ఉందో అధికారులను అడిగితే తెలిసిపోతుంది.

వాస్తవం: సగమే తెలుస్తుంది. జైలు వాతావరణాన్ని కొలిచే ప్రశ్నావళులు చాలా దేశాల్లో వాడుతున్నారు. సాధారణంగా ఖైదీల కన్నా సిబ్బందే ఎక్కువ మార్కులు వేస్తారు. అలాగని వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. ఒక హెడ్ వార్డర్ నాకు కొత్తగా వెల్ల వేసిన గోడలూ, బిగించిన ఫ్యాన్లూ సంబరంగా చూపించారు. వాటి కోసం ఆయన నెలల తరబడి తిరిగారు. అదే బ్యారక్‌లో ఒక రిమాండ్ ఖైదీ ఇలా అన్నాడు: "ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయి సార్. నిన్న నా వాయిదా. ఉతికిన చొక్కా వేసుకుని పొద్దున్నుంచి కూర్చున్నాను. ఎస్కార్ట్ రాలేదు. ఎందుకు రాలేదో లాకప్ వేళ దాకా ఎవరూ చెప్పలేదు."

ఖైదీని కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్ట్‌ను పంపాల్సింది పోలీసు శాఖ. ఎందుకు రాలేదో ఆ వార్డర్‌కూ తెలియదు. తెలియదన్న మాటైనా చెప్పి ఉంటే ఆ ఖైదీకి ఆ రోజు వేరుగా గడిచేది. నేను పనిచేసిన ప్రతిచోటా ఖైదీలు సౌకర్యాల కన్నా ముందు జవాబు గురించే మాట్లాడారు.

అపోహ: రిమాండ్ ఖైదీకి పని ఉండదు, హాయిగా ఉంటాడు.

వాస్తవం: 2022 చివరికి దేశంలోని జైళ్లలో సుమారు 5.73 లక్షల మంది ఉంటే, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే, అంటే కేసు తేలక రిమాండ్‌లో ఉన్నవాళ్లే. శిక్షాకాలం తెలిసినవాడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. వీళ్లకు ఆ లెక్క మొదలుపెట్టడానికే వీలుండదు.

అపోహ: యూనిఫాం వేస్తే ఎవరైనా క్రూరంగా మారతారు.

వాస్తవం: 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు ఖైదీల, కాపలాదారుల పాత్రలిచ్చి చేసిన నకిలీ జైలు ప్రయోగాన్ని ఇందుకు రుజువుగా చూపుతారు. రెండు వారాలు సాగాల్సింది ఆరు రోజులకే ఆగింది. అయితే, కాపలాదారుల పాత్ర వేసినవాళ్లకు కటువుగా ఉండమని నిర్వాహకులే సూచనలిచ్చారని తర్వాత బయటపడింది. నేను చూసిన వార్డర్లలో క్రూరత్వం కన్నా భయమే ఎక్కువ. సాయంత్రం లెక్కలో ఒక్క తల తగ్గితే ఉద్యోగానికే ముప్పు. ప్రతి ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలని 2016 నమూనా జైలు మాన్యువల్ చెబుతోంది. రాత్రి డ్యూటీలో ఆ నిష్పత్తి నాకెక్కడా కనబడలేదు. అందుకే వార్డర్‌కు మంచి రోజంటే ఏమీ జరగని రోజు. ఖైదీకి మంచి రోజంటే ఏదో ఒకటి జరిగిన రోజు: ములాఖత్‌కు అమ్మ రావడమో, బెయిల్ కాగితం అందడమో.