నోరు పూస్తే వేడేనా? సుగర్ ఉన్నవాళ్ళు చదవండి

"డాక్టరమ్మా, నోరు పూసిపోనాది. వేడి సేసినాదేటో."

శ్రీకాకుళంలో పళ్ళ డాక్టరుగా ఈ మాట వినని వారం లేదు. వేడి సంగతి తర్వాత, సుగర్ చూపించుకుని ఎన్నాళ్ళయిందో చెప్పమంటాను. సగం మంది నేల చూపులు చూస్తారు.

అపోహ: నోటిపూత వేడి వల్ల వస్తుంది, బి కాంప్లెక్స్‌తో పోతుంది.

మనుషుల్ని ఎక్కువ నష్టపెట్టేది ఇదే. విటమిన్ లోపంతో నోరు పూయడం ఉంది, కాదనను. సుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గొచ్చు కూడా. బి కాంప్లెక్స్ బిళ్ళకి అంత పేరు ఊరికే రాలేదు. కానీ సుగర్ మనిషికి నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలలా తెల్లగా కట్టిందంటే ముందు అనుమానించాల్సింది కాండిడా అనే ఫంగస్‌ని.

ఆ మధ్య నరసన్నపేట వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. నెలన్నరగా మందుల షాపు చుట్టూ తిరుగుతున్నాడు. మొదట బి కాంప్లెక్స్, తర్వాత ఐదు రోజులు యాంటీబయోటిక్, ఆపైన ఎవరో చెప్పారని రోజూ తేనె రాత. సుగర్ మనిషి నోట్లో తేనె! గాజుగుడ్డతో తుడిస్తే తెలుపు ఊడొచ్చింది, కింద ఎర్రటి పచ్చి, రెండు చోట్ల రక్తం చెమర్చింది. వేలి చుక్కతో సుగర్ చూస్తే 342. "పొద్దున్న బిళ్ళ ఏసుకున్నానమ్మా" అన్నాడు. అబద్ధం కాదు, వేసుకున్నాడు. ఆ చీటీ మాత్రం మూడేళ్ళ కిందటిది.

కాండిడా చాలామంది నోళ్ళలో చప్పుడు లేకుండా ఉండేదే. సుగర్ పెరిగితే లాలాజలంలోనూ గ్లూకోజు పెరుగుతుంది, నోరు ఎండుతుంది, తెల్లకణాల పని మందగిస్తుంది. దానికి కావలసింది అదే. పైగా దాన్ని అదుపులో ఉంచే మంచి బాక్టీరియాని యాంటీబయోటిక్ చంపేసింది. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ (నోట్లో రాసే ఫంగస్ మందు) రాస్తే పూత తగ్గుతుంది, సుగర్ దిగకపోతే మళ్ళీ వస్తుంది. తెలుపు పోయిందని మూడో రోజే మందు ఆపేసేవాళ్ళకి ఇంకా తొందరగా వస్తుంది.

అపోహ: ఫంగస్ బిళ్ళే కదా, షాపులో అడిగి వేసుకోవచ్చు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక పెద్దాయనకి ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ బిళ్ళ రాశాను, సుగర్‌కి ఏం వాడుతున్నారో అడగలేదు. ఆయన వాడేది గ్లిమిపిరైడ్. ఈ రెండూ కలిస్తే సుగర్ మరీ పడిపోవచ్చు. అర్ధరాత్రి చెమటలు పట్టి, చేతులు వణికాయట. ఇంట్లోవాళ్ళు పంచదార నీళ్ళు పట్టారు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి మందుల సంచీ బల్ల మీద బోర్లించి చూడందే కలం తీయను.

"ఇది ఆ జబ్బు కాదు గదమ్మా?" అని భార్య బయటికెళ్ళాక గుసగుసగా అడిగేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. హెచ్‌ఐవీలో ఈ పూత వస్తుంది, నిజమే. సుగర్‌తోనూ వస్తుంది, ఆస్తమా పఫ్ పీల్చి నోరు పుక్కిలించకపోయినా వస్తుంది. అనుమానం పీడిస్తుంటే ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, దానికోసం నెలల తరబడి నిద్ర మానుకోవడం దేనికి? ఇంట్లో కంచాలు, గ్లాసులు వేరు పెట్టక్కర్లేదు. కట్టుడు పళ్ళవాళ్ళు రాత్రి సెట్టు తీసి, తోమి నీళ్ళలో వేయండి. సెట్టు కింద ఈ ఫంగస్ తెల్లగా కాక ఎర్రగా కూడా ఉంటుంది.

అపోహ: తెల్లగా ఉన్నదంతా ఫంగసే.

ఇది మన జిల్లాలో మరీ ప్రమాదం. నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు మన పల్లెల్లో ఎప్పట్నుంచో ఉంది. 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగిలి మీద అది చేసే మార్పుల గురించి 1971లోనే ప్రచురించారు. మొన్న సోంపేట వైపు మామ్మ ఒకావిడ వచ్చింది. సుగర్ ఉంది, ఎవరో ఫంగస్ అని పెయింట్ ఇచ్చారు, రెండు నెలలుగా రాస్తోంది. అంగిట్లో తెల్ల మచ్చ, మధ్యమధ్య ఎర్ర చుక్కలు. గట్టిగా తుడిచినా ఊడలేదు. చుట్ట మానమంటే, "నిప్పు నోపలుంటే గాలికి ఆరిపోదమ్మా" అని నాకే వివరించింది. క్యాన్సరేమోనని ముక్క తీసి పరీక్షకి పంపాను. రిపోర్టు గురువారం వస్తుంది.