పేగులో పాలిప్‌కు బిళ్లలు పనిచేస్తాయా? అపోహలు - వాస్తవాలు

కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) రిపోర్టులో 'పాలిప్', అంటే పేగు లోపలి పొర మీద మొలిచిన బుడిపె, అని కనబడగానే హన్మకొండలో చాలామంది ముందు పోయేది మెడికల్ షాపుకే. మళ్లీ నా దగ్గరికి వచ్చేసరికి కవర్ నిండా డబ్బాలు: ఫోలిక్ యాసిడ్, కాల్షియం, పసుపు క్యాప్సూల్, 'పేగుల శుద్ధి' పొడి.

అపోహ: మందుతో కరుగుతుంది

"కోసుడు లేకుంట మందుతోని కరగదా సార్?" అని అడుగుతారు. కరగదు. అలా కరిగిస్తుందని రుజువైన సప్లిమెంట్ ఏదీ లేదు. పొట్ట కోస్తారనే భయం కూడా చాలావరకు అనవసరం. కొలనోస్కోపీ గొట్టంలోంచే సన్నని తీగ ఉచ్చు పంపి, పాలిప్ మొదట్లో బిగించి తెంపేస్తాం. పేగు లోపలి పొరకు ఆ కోత నొప్పి తెలియదు. తీసిన ముక్క బయాప్సీకి పోతుంది. అది అడినోమా రకమైతే జాగ్రత్త పడాలి. వాటిలో కొన్నే క్యాన్సర్‌గా మారతాయి, అందుకు సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది.

అపోహ: ఫోలిక్ యాసిడ్ విటమినే కదా, నష్టమేముంది?

ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ సహజ రూపం) ఉన్న తిండి బాగా తినేవాళ్లలో పేగు క్యాన్సర్ తక్కువని పాత పరిశీలనల్లో కనిపించిన మాట నిజం. దాంతో అమెరికా, కెనడాల్లో అడినోమాలు తీయించుకున్న వెయ్యిమందికి పైగా రోగుల మీద ట్రయల్ చేశారు. కొందరికి రోజుకు 1 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్, మిగతావాళ్లకు ఉత్త బిళ్ల. 2007లో ఫలితం వచ్చింది: కొత్త అడినోమాలు తగ్గలేదు. పైగా మూడు, అంతకన్నా ఎక్కువ అడినోమాలు వచ్చినవాళ్లు ఫోలిక్ వేసుకున్న వైపే ఎక్కువ. కణాలు విడిపోవడానికి ఫోలేట్ కావాలి, అప్పటికే మొలిచిన బుడిపెకూ అది మేత అవుతుందేమోనని అనుమానం. తర్వాత ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే హాని గట్టిగా తేలలేదు, లాభమూ తేలలేదు. మన షాపుల్లో దొరికే బిళ్ల సాధారణంగా 5 మి.గ్రా., అంటే ఆ ట్రయల్ డోసుకు ఐదింతలు! గర్భిణులు, రక్తహీనత ఉన్నవాళ్లు, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు మాత్రం ఇది చదివి ఆపొద్దు. వాళ్ల లెక్క వేరు.

అపోహ: కాల్షియం, డి విటమిన్ వేసుకుంటే మళ్లీ రావు

1999 ట్రయల్‌లో రోజుకు 1200 మి.గ్రా. కాల్షియంతో అడినోమాలు కొద్దిగా తగ్గాయి. ఆ ఆశతో రెండు వేల మందికి పైగా మీద మళ్లీ చేస్తే, 2015లో కాల్షియంతోనూ డి విటమిన్‌తోనూ ప్రయోజనం కనబడలేదు. ఎముకల కోసం డాక్టర్ రాస్తే వాడండి, పాలిప్ కోసం వద్దు.

అపోహ: పసుపు ఉంటే పేగుకు ఢోకా లేదు

నిజామాబాద్ పసుపు మీద నాకూ అభిమానమే. కానీ వంశపారంపర్యంగా వందల పాలిప్‌లు వచ్చేవాళ్లకు పసుపులోని కర్క్యుమిన్‌ను రోజుకు 3 గ్రాముల చొప్పున ఏడాది ఇచ్చి చూసినా తేడా రాలేదు. కూరలో పసుపు వేరు, మిరియాల సారం కలిపిన క్యాప్సూల్ వేరు. రెండోదానితో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి.

సి, ఇ విటమిన్లు, బీటా కెరోటిన్ పనిచేయవని 1994లోనే తేలింది. సిగరెట్, మద్యం అలవాటు రెండూ ఉన్నవాళ్లలో బీటా కెరోటిన్ పాలిప్‌లను పెంచింది కూడా.

ఇంకో మాట. ఐరన్ బిళ్లలు వాడుతుంటే కొలనోస్కోపీకి దాదాపు వారం ముందు, డాక్టర్‌కు చెప్పి ఆపాలి. లేకపోతే మలం నల్లగా, జిగురుగా పేగుకు అంటుకుని చిన్న పాలిప్ కనబడదు. కాబట్టి ఆ కవర్ ఇంట్లో దాచకుండా పరీక్షకు ముందే తెచ్చి చూపించండి. అమ్మకో నాన్నకో పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే అది కూడా చెప్పండి, మీకు పరీక్ష 40 ఏళ్లకే, ఒక్కోసారి ఇంకా ముందే మొదలుపెట్టాల్సి ఉంటుంది.