చిన్న ముల్లుతో మొదలు

గోడ గడియారం రెండు గంటల యాభై నిమిషాలు చూపిస్తున్నప్పుడు సమయం ఎంతయిందని అడిగితే, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు తరచుగా మూడు గంటల యాభై నిమిషాలని చెబుతారు. దీన్ని అజాగ్రత్త అనుకుని కసురుకోవడం అన్యాయం. ఆ సమయానికి చిన్న ముల్లు మూడు అంకెకు 5 డిగ్రీల దూరంలోనే ఉంటుంది కనుక, కంటికి కనిపించిందే వాళ్లు చెబుతున్నారు. పైగా అదే మూడు అంకె చిన్న ముల్లుకు మూడు గంటలు, పెద్ద ముల్లుకు పదిహేను నిమిషాలు. ఐదో ఎక్కం ఇంకా రాని పిల్లలకు ఈ రెండు లెక్కలూ ఒకేసారి చెప్పడం వల్లనే చిక్కంతా వస్తోంది.

ఐరోపాలో తొలి యాంత్రిక గడియారాలకు నిమిషాల ముల్లు ఉండేది కాదు. రోజుకు పావుగంట దాకా తేడా వచ్చే యంత్రానికి దాని అవసరమూ లేదు. 1656లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ లోలకపు గడియారాన్ని రూపొందించి, ఆ తేడా సెకన్లకు తగ్గిన తరువాతే రెండో ముల్లు విరివిగా వాడుకలోకి వచ్చింది. పిల్లల చదువూ ఇదే వరుసలో సాగాలని నా గట్టి అభిప్రాయం. అట్టతో చేసిన గడియారానికి చిన్న ముల్లు మాత్రమే అమర్చి, అది రెండు దాటిందా, రెండుకూ మూడుకూ సరిగ్గా నడుమ ఉందా, మూడుకు చేరువైందా అని అడిగితే, రెండుంపావు, రెండున్నర, పావు తక్కువ మూడు అని ఇంట్లో రోజూ వినే మాటలు వాళ్లకు ఆ ముల్లు మీదే కనిపిస్తాయి. అది స్థిరపడ్డాక పెద్ద ముల్లును చేర్చవచ్చు.

గడియారం చదవడం వచ్చినంత మాత్రాన కాలవ్యవధి అర్థమైనట్టు కాదు. రెండు బొమ్మలు ఒకేసారి బయలుదేరి ఒకేసారి ఆగినా, వేగంగా కదిలి ఎక్కువ దూరం వెళ్లిన బొమ్మకే ఎక్కువ సమయం పట్టిందని చిన్నపిల్లలు భావిస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే గమనించారు. దూరం కళ్లకు కనిపిస్తుంది, కాలం కనిపించదు. అందుకే సాయంత్రం ఆట మొదలైనప్పుడు చిన్న ముల్లు ఎక్కడుందో, ముగిసేసరికి ఎక్కడికి చేరిందో అట్ట మీద గీతలు గీయించి, ఆ రెండు గీతల నడుమ భాగానికి రంగు వేయించాలి. మరునాడు ఆట ఇంకాస్త ఎక్కువసేపు సాగితే, ఏ రోజు రంగు ఎక్కువ మేర పరుచుకుందో పిల్లలే పోల్చి చెప్పగలుగుతారు.