కపిల బావి నుంచి వెయ్యి అడుగుల దాకా

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో చేనుకి బోరు లారీ రావాలంటే ముందు టెంకాయ రావాలి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఒకాయన గట్ల వెంబడి నడుస్తాడు. అది నిలువుగా లేచిన చోట నీళ్లున్నాయని గుర్తు పెడతారు. మర్నాడు 600 అడుగులు దాటినా తెల్ల రాతిపొడే లేస్తుంటే, రైతు మొహం చూడలేం. ‘‘ఇంకో వంద పోదామా అన్నా?’’ అంటాడు లారీ ఆయన. అప్పు చేసి తెచ్చిన డబ్బు ఆ ‘ఊఁ’ మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ ఏడాది పొడుగునా పారే నది లేదు. స్వర్ణముఖి, బాహుదా, నీవా అన్నీ వాన పడితేనే. అందుకే పెద్దలు చెరువులు తవ్వారు. తిరుపతి దగ్గరి రాయలచెరువు విజయనగర కాలం నాటిది. కట్ట, తూము, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మొరవ, అన్నీ ఊరందరివీ. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో చూసేవాడు నీరుగట్టి. చెరువు నిండితే ఆ కింది బావులూ ఊరేవి. బావి మీద కపిల తోలేవాళ్లు, అంటే పెద్ద బానకి తాడు కట్టి ఎద్దులతో నీళ్లు తోడించేవాళ్లు. ఎద్దులు అలిసిపోతే తోడడం ఆగేది. బావి మళ్లీ ఊరడానికి ఆ కాస్త వ్యవధి చాలు. ఆ ఎద్దుల పేడే చేనుకి ఎరువు కూడా.

తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం రైతుల మోటార్లకి కరెంటు చార్జీ హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలే అని పెట్టింది. 2004 నుంచి కరెంటు ఉచితం. మెట్ట రైతుకి అది పెద్ద ఊరట, తప్పు పట్టలేను. కానీ మోటారుకి అలసట లేదు. బావులు ఎండాయి, బోర్లు దిగాయి. మన కింద ఉన్నది గట్టి రాయి. పైపొరలోనూ, రాతి పగుళ్లలోనూ తప్ప నీళ్లు నిలవవు. లోతుకి పోయేకొద్దీ జూదమే. 2002లో నీళ్లు, నేల, చెట్లు కాపాడాలని వాల్టా చట్టం వచ్చింది, బోర్లు మాత్రం ఆగలేదు.

డ్రిప్ సంగతీ చెప్పుకోవాలి. 1990లలో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి చూపించారు. 2003లో రాష్ట్రమంతటికీ సూక్ష్మసేద్యం పథకం పెట్టారు. నీళ్లు మిగిలాయి, నిజమే. మిగిలిన నీళ్లతో ఇంకో అరెకరా టమాటా పెట్టాం! అంతకంటే నాకు నచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో చిత్తూరు సహా 7 జిల్లాల్లో జరిగిన పని. రైతులే వాన కొలిచారు, బోర్లలో మట్టం కొలిచారు. ఆ లెక్క ఊరందరి ముందు పెట్టి, రబీలో వరి పెట్టాలా, చెనిక్కాయలా అని మాట్లాడుకున్నారు. పెట్టొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క కళ్ల ముందుంటే చాలామంది వాళ్లంతట వాళ్లే తగ్గారు.

2021 నవంబరు వానలకి రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారుతున్నాయని కింది పల్లెలు ఖాళీ చేయించారు. నీళ్లు లేక ఏడ్చిన చోటే నీళ్లకి భయపడ్డారు. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు కుప్పం దాకా వచ్చాయి. చెరువులకి నీళ్లు చేరుతున్నాయి. వాటిని పంచే నీరుగట్టి మాత్రం చాలా ఊళ్లలో ఇప్పుడు లేడు.